పాత కార్డు పక్కన ఇంకో పాత కార్డు పెట్టించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కంప్యూటర్ ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షికను నేను వదలకుండా చదువుతాను. రెండు వారాల క్రితం అందులో ఒక విద్యార్థి, తన దగ్గర పాత గ్రాఫిక్స్ కార్డు ఉందనీ, కొత్త గేములు ఆగి ఆగి నడుస్తున్నాయనీ, ఏం చేయమంటారనీ అడిగాడు. మీవాళ్ళ జవాబు నాలుగే వాక్యాలు. అదే మోడల్ కార్డు ఇంకొకటి సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకు దొరుకుతుంది, రెండూ కలిపి పెట్టుకుంటే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది, కొత్త కార్డు ఖర్చు తప్పుతుంది అని రాశారు. పదేళ్ళ కిందట రాసి ఉంటే అది సగం నిజం. ఇప్పుడు దాన్ని నమ్మినవాళ్ళకు డబ్బు పోతుంది. మా ఊళ్ళో ఒకరికి పోబోయింది కూడా. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తెనాలిలో పదిహేడేళ్ళుగా కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్ముతున్నాను, రిపేర్లు చేస్తున్నాను. ఆ సంచిక వచ్చిన మర్నాడు ఉదయం షట్టరు సగం ఎత్తానో లేదో, ఒక తల్లీ కొడుకూ వచ్చి నిలబడ్డారు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడతారు. చేతిలో మీ పత్రిక కటింగు నాలుగు మడతలు పెట్టి ఉంది, కొంగు ముడిలో ఆరు వేల రూపాయలున్నాయి.

"అన్నయ్యగారూ, వీడు నెల రోజుల నుంచి ప్రాణం తీస్తున్నాడు. ఇప్పుడు పేపర్లో కూడా రాశారు కదా, ఇంక నేనేం అడ్డం చెప్పను? గుంటూరులో ఒకతను ఇస్తానన్నాడట. తెచ్చుకుంటాం, మీరు బిగించి పెడితే చాలు" అన్నారు.

అబ్బాయి వెంటనే అందుకున్నాడు. "సేమ్ కార్డు అంకుల్, జీటీఎక్స్ 970. రెండిటినీ కలిపే బ్రిడ్జి కూడా ఫ్రీగా ఇస్తానన్నాడు."

సిస్టమ్ ఆటోలో వెంట తెచ్చారు. ముందు డబ్బు కొంగులోనే ఉంచమని చెప్పి, క్యాబినెట్ పక్క రేకు తీశాను. లోపల 2016 నాటి బీ150 మదర్‌బోర్డు, ఐ5-6500 ప్రాసెసర్, కరెంటు అందించడానికి పేరు కూడా సరిగా కనబడని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. బోర్డు మీద పొడవాటి స్లాట్లు రెండున్నాయి. అబ్బాయి వాటినే వేలితో చూపించి "రెండో కార్డుకు చోటుంది కదా అంకుల్" అన్నాడు. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ మొదటి స్లాటుకు ప్రాసెసర్ నుంచి నేరుగా 16 లేన్లు, అంటే సమాచారం నడిచే దారులు, వస్తాయి. రెండో దానికి చిప్‌సెట్ నుంచి వచ్చేవి 4 మాత్రమే. ఈ కార్డు కంపెనీ ఎన్విడియా వాళ్ళ, రెండు కార్డులను కలిపి నడిపే పద్ధతి ఎస్‌ఎల్‌ఐ పనిచేయాలంటే ఒక్కో కార్డుకు కనీసం 8 లేన్లుండాలి, పైగా బోర్డుకు ఎన్విడియా అనుమతి ఉండాలి. ఈ రకం బోర్డులకు అది లేదు. అంటే రెండో కార్డు బిగుస్తుంది, దాని ఫ్యాన్లు తిరుగుతాయి, విండోస్‌లో దాని పేరు కూడా కనబడుతుంది. గేముకు మాత్రం అది అందదు. ఆరు వేలు పెట్టి కొన్న కార్డు ఫ్యాన్లు తిప్పుకుంటూ ఊరికే కూర్చుంటుంది.

మీ జవాబులో బోర్డు సంగతి లేదు, ఎస్‌ఎంపీఎస్ సంగతి లేదు. ఒక్కో 970 కార్డు 145 వాట్లు తీసుకుంటుంది. రెండు కలిస్తే 290. ప్రాసెసర్, హార్డ్‌డిస్కులు దాని మీద అదనం. ఆ పేరులేని 450 వాట్ల డబ్బా మీద అంత బరువు పెట్టి, మే నెల మధ్యాహ్నం నాలుగు గంటలు గేము ఆడితే ఏమవుతుందో నాకు తెలుసు. అలా కాలిపోయినవి నా షాపు అటక మీద అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఒక్కోసారి అది కాలిపోతూ బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది.

బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మంచివే అయినా రెండు కార్డుల దారి ఇప్పుడు మూసుకుపోయింది. ఎందుకో మీ పాఠకులకు కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఇది తెలియకపోవడం వల్లే ‘రెండు కొంటే రెట్టింపు’ అన్న మాట ఇంకా బతికి ఉంది.

ఆ మాట పుట్టినప్పుడు అబద్ధం కాదు. 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ 2 కార్డులు రెండు జత చేసేటట్టు తెచ్చి, దానికి ఎస్‌ఎల్‌ఐ అని పేరు పెట్టింది. తెర మీది గీతల్లో సరి గీతలు ఒక కార్డు గీస్తే బేసి గీతలు రెండోది గీసేది. నిజంగానే చెరిసగం పని. తర్వాత ఆ కంపెనీ ఆస్తులను ఎన్విడియా కొనేసింది. 2004లో ఎస్‌ఎల్‌ఐ అనే పేరునే మళ్ళీ బయటికి తీసింది గానీ, పని పంచే పద్ధతి వేరు. మరుసటి ఏడాది ఏటీఐ వాళ్ళు క్రాస్‌ఫైర్ అని తెచ్చారు. ఈ రెండిట్లోనూ ఎక్కువగా వాడింది, ఒక బొమ్మ ఈ కార్డు, తర్వాతి బొమ్మ ఆ కార్డు గీసే పద్ధతి.

టిఫిన్ సెంటరులో రెండు పెనాలు పెట్టినట్టు అనుకోండి. ఒక దోసె ఈ పెనం మీద, తర్వాతి దోసె ఆ పెనం మీద. గంటకు వచ్చే దోసెలు రెట్టింపయిన మాట నిజమే. కానీ రెండు పెనాలూ ఒకేసారి వేడెక్కి, రెండు దోసెలూ ఒకేసారి లేస్తే ప్లేటులో వెంటవెంటనే రెండు పడతాయి, ఆ తర్వాత చాలాసేపు ఏమీ పడదు. గేములో కూడా ఇదే జరుగుతుంది. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకూ మధ్య దాదాపు 17 మిల్లీ సెకన్లు ఉండాలి. ఒకటి 5కి వచ్చి ఇంకోటి 28కి వస్తే సగటు బాగానే కనబడుతుంది, కంటికి మాత్రం కుదుపు తెలుస్తుంది. దీన్నే మైక్రో స్టట్టర్ అంటారు. సెకనుకు ఎన్ని బొమ్మలో చూపిస్తూ తెర మూలలో కనబడే అంకె దీన్ని పట్టుకోదు.

మెమరీ విషయంలో జనం ఇంకా మోసపోతారు. 4 జీబీ కార్డులు రెండు పెడితే 8 జీబీ కాదు. ఏ బొమ్మ గీయాలన్నా సరంజామా మొత్తం ఏ కార్డుకు ఆ కార్డు దగ్గర ఉండాలి. ఇద్దరు పిల్లలకు ఒకే పాఠ్యపుస్తకం రెండు కాపీలు కొన్నట్టు. ఇంట్లో పుస్తకాలు రెండయ్యాయి, పాఠాలు పెరగలేదు. 970 విషయంలో ఆ 4 జీబీ కూడా పూర్తిగా 4 కాదు. చివరి అర జీబీ బాగా నెమ్మది. 2015 జనవరిలో ఈ సంగతి బయటపడి, అమెరికాలో దావా నడిచి, అక్కడ కొన్నవాళ్ళకు కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇవ్వడానికి కంపెనీ మరుసటి ఏడాది ఒప్పుకుంది. ఇప్పటి గేములు నత్తనడక నడవడానికి పెద్ద కారణం ఆ మెమరీ చాలకపోవడమే. ఇంకో 970 కొన్నా ఆ కొరత ఇసుమంత కూడా తీరదు.

అసలు దెబ్బ మాత్రం గేములు తయారయ్యే తీరు మారడంతో తగిలింది. ఇప్పటి గేముల్లో అంచులు నునుపుగా కనబడటానికి ఇంతకు ముందు గీసిన బొమ్మను చూసుకుంటూ ఈ బొమ్మ గీస్తారు. ఆ ముందు బొమ్మ పక్క కార్డులో ఉంది. అది పూర్తయ్యి, ఇటు వచ్చేదాకా ఈ కార్డు ఆగాలి. ఇంక రెండు పెనాల లాభం ఎక్కడిది? డైరెక్ట్‌ఎక్స్ 12 (గేములు కార్డుతో మాట్లాడే విండోస్ ఏర్పాటు) వచ్చాక రెండు కార్డులనూ వాడుకునే బాధ్యత గేము రాసేవాళ్ళ మీదే పడింది. నూటికి ఒకరి దగ్గర ఉందో లేదో తెలియని రెండో కార్డు కోసం నెలల తరబడి ఎవరు కష్టపడతారు? చాలామంది వదిలేశారు.

ఇదంతా నేను చదివి చెబుతున్నది కాదు. చేసి, తప్పని తెలుసుకుని చెబుతున్నాను. 2015లో చీరాల నుంచి ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. మొదటి ఉద్యోగం, మొదటి జీతాలు దాచుకుని సిస్టమ్ కట్టించుకోవాలని. ఒక్క పెద్ద కార్డు తీసుకుందామా అని అతనే అడిగాడు. నేనే రెండు 970లు పెట్టించాను. అప్పట్లో నేను చూసినవాళ్ళంతా అదే చెప్పేవారు, నేనూ నమ్మాను. బోర్డు మంచిది, ఎస్‌ఎంపీఎస్ మంచిది, బ్రిడ్జి బిగించి జీటీఏ 5 పెట్టి చూపించాను. ఆ గేము రెండు కార్డులనూ బాగా వాడుకునేది. తెర మూలన అంకె చూసి అబ్బాయి ముఖం వెలిగిపోయింది. నాకూ గర్వంగా అనిపించింది.

నెల తర్వాత ఫోన్ చేశాడు. "అంకె డెబ్బై చూపిస్తోంది గానీ ఏదో తేడాగా ఉందండీ" అన్నాడు. చీరాల వెళ్ళి వాళ్ళింట్లో అతని పక్కన కూర్చుని చూశాను. గేములో కారు రోడ్డు మీద నిదానంగా పోతోంది. రోడ్డు పక్క కరెంటు స్తంభాలు జారుకుంటూ వెనక్కి పోవాలి కదా, అవి చిన్న చిన్న గెంతులు వేస్తున్నాయి. ఒకసారి కంట్లో పడ్డాక ఇంక అదే కనబడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఇంకో బాధ. రెండు కార్డుల మధ్య రెండు వేళ్ళ సందు కూడా లేదు. కింది కార్డు వదిలే వేడిగాలినే పై కార్డు పీల్చుకోవాలి. పైది 80 డిగ్రీలు దాటి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునేది. పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని ఆడేవాడు.

2017లో పబ్‌జీ కంప్యూటర్ గేము వచ్చింది. స్నేహితులంతా అదే ఆడుతున్నారని అతనూ కొన్నాడు. ఏ కార్డు ఎంత పనిచేస్తోందో చూపే ఆఫ్టర్‌బర్నర్‌లో చూస్తే మొదటి కార్డు 98 శాతం, రెండోది సున్నా. ఎన్ని సెట్టింగులు మార్చినా సున్నానే. ఒక రోజు సిస్టమ్ తెచ్చి, రెండో కార్డు ఊడదీసి పెట్టమన్నాడు. దాని డబ్బు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "అప్పుడందరూ అదే చెప్పారు కదండీ, మీ తప్పేముంది" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ పట్టుకునే ఉంది. కుర్రాడు సరిగానే అడిగాడు, అనుభవం ఉన్నవాణ్ని అని చెప్పి నేను పక్కదారి పట్టించాను. మీ శీర్షిక చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అతనే.

కంపెనీలు కూడా ఆ తర్వాత ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. 2016లో జీటీఎక్స్ 1060కి బ్రిడ్జి తగిలించే చోటే తీసేశారు. అదే ఏడు, ఏటీఐని కొన్న ఏఎండీ వాళ్ళు ఆర్‌ఎక్స్ 480 కార్డులు రెండు కలిపి 500 డాలర్ల లోపే అవుతాయి, జీటీఎక్స్ 1080ని మించుతాయి అని ఒక గేము మీద వేదికెక్కి చూపించారు. కానీ 2019లో వచ్చిన వాళ్ళ ఆర్‌ఎక్స్ 5700కి క్రాస్‌ఫైర్ లేనే లేదు. ఎన్విడియా 2020 నాటి కార్డుల్లో ఒక్క 3090కే ఆ ఏర్పాటు మిగిల్చింది, 2022లో 4090 వచ్చేసరికి దానికీ లేదు. 2021 జనవరి 1 నుంచి కొత్త గేములకు ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైల్స్ రాయడం ఆపేసింది. ఆ ప్రొఫైల్ లేకపోతే రెండో కార్డుకు తన పనేమిటో తెలియదు. ఇక 970 లాంటి 900 సిరీస్ కార్డులకూ, 1000 సిరీస్ కార్డులకూ గేముల కోసం విడుదల చేసే డ్రైవర్లే (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. 2028 అక్టోబరు దాకా భద్రతా సవరణలు మాత్రం ఇస్తారు. అంటే మీరు కొనమన్న రెండో కార్డు, కొన్న రోజే పింఛను తీసుకుంటున్న కార్డు.

మరి ఏం చేయాలి? నా షాపుకొచ్చే వాళ్ళకు చెప్పేదే ఇక్కడా చెబుతాను. చేతిలో ఉన్న పాత కార్డు అమ్మేసి, ఆ డబ్బుకు కొంత కలిపి, తర్వాతి తరాల కార్డు ఒక్కటి తీసుకోవాలి. ఈ అబ్బాయి లాంటి సిస్టమ్‌కు నేను ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది చెబుతాను. రెండు 970లు ఏ లోపం లేకుండా కలిసి పనిచేస్తే ఎంత వేగం రావచ్చో, సుమారుగా ఆ ఒక్క కార్డే అంత ఇస్తుంది, అదీ ప్రతి గేములోనూ. తీసుకునేది 170 వాట్లు. 290తో పోలిస్తే 120 వాట్లు తక్కువ. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు పద్నాలుగు యూనిట్లు మిగులుతాయి. స్లాబు అంచున ఉన్న ఇంటికి అది చిన్న విషయం కాదు. మెమరీ మూడింతలు. డీఎల్‌ఎస్‌ఎస్ అని, చిన్న సైజులో బొమ్మ గీసి పెద్దది చేసే పద్ధతి ఉంది, అది 970కి ఎప్పటికీ రాదు.

కొత్తగా బిల్లుతో కొనగలిగిన వాళ్ళకు ఆర్‌టీఎక్స్ 5060 ఉంది. అది 145 వాట్లు, అంటే సరిగ్గా ఒక్క 970 తాగే కరెంటు. కానీ దానికి మెమరీ 8 జీబీయే, పైగా స్లాటులో 8 లేన్లే వాడుతుంది. పాత బోర్డుల్లో మెమరీ నిండినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అందుకే పాత బోర్డుకు నా మొగ్గు 3060 వైపు. పాత ఐ5కి ఇంకా పెద్ద కార్డు తగిలించడమూ దండగే. ప్రాసెసర్ అందుకోలేదు.

సెకండ్‌హ్యాండ్ 3060 కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ డబ్బు పద్ధతి మారి, గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి దాన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్ళు నడిచిన చాలా కార్డులు సంతల్లోకి వచ్చాయి. అన్నీ చెడ్డవి కావు. కానీ అమ్మేవాడి ఎదుట అరగంట పూర్తి లోడు మీద నడిపించి, ఫ్యాను శబ్దం వినాలి, వేడి చూడాలి, స్క్రూలు విప్పిన గీతలున్నాయేమో చూడాలి. అరగంట నడపనివ్వని వాడి దగ్గర కొనకండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీ అయినా, మా తెనాలి అయినా ఇదే మాట.

రెండు కార్డులు ఎవరికీ వద్దని నేను అనడం లేదు. మా వీధి చివర ఫోటో స్టూడియో అబ్బాయి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ టైటిల్స్ చేస్తాడు. అతనికి రెండు కార్డులు నేనే పెట్టాను, రెండూ పూర్తిగా పనిచేస్తున్నాయి. అక్కడ బొమ్మ రాత్రంతా తయారైనా ఫరవాలేదు, వరస తప్పకుండా మిల్లీ సెకన్ల లెక్కన తెర మీదికి రానక్కర్లేదు. ఏఐ మోడళ్ళు ఇంట్లో నడుపుకునే వాళ్ళు కూడా మోడల్‌ను రెండు కార్డుల మీద పంచుకోవచ్చు. అది వేరే పని. మీ విద్యార్థి అడిగింది గేముల గురించి.

ఆ తల్లీ కొడుకుల సంగతి చెప్పి ముగిస్తాను. అబ్బాయిని నా కుర్చీలో కూర్చోబెట్టి, బోర్డు మీద సన్నగా రాసి ఉన్న అక్షరాలు టార్చి వేసి చదివించాను. వాడే చదివాడు, వాడికే అర్థమైంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గుంటూరు అతనికి తనే ఫోన్ చేసి రావడం లేదని చెప్పాడు. నేను కార్డు విప్పి దుమ్ము దులిపి, చిప్పు వేడిని బయటికి లాగే, గట్టిపడిపోయిన థర్మల్ పేస్టు తీసి కొత్తది రాశాను. గేములో వస్తువుల పైపూత బొమ్మలు (టెక్స్చర్లు) మీడియానికి తగ్గించాం. ఆగి ఆగి నడవడం చాలావరకు పోయింది. ఎంట్రెన్సు పరీక్షలు అయ్యాక మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి, ఆ తర్వాత వీలు చూసుకుని కార్డు అని అనుకున్నాం. ఆరు వేలూ ఆవిడ కొంగులోనే ఇంటికి వెళ్ళాయి.

మీ పత్రికను తప్పుపట్టాలని రాయడం లేదు. పేపర్లో వచ్చిందంటే ఆ తల్లి ఇంకో మాట అడగలేదు, అంత నమ్మకం ఉంది మీ మీద. నా షాపుకు రానివాళ్ళు, నేరుగా గుంటూరో విజయవాడో వెళ్ళి కొనుక్కునేవాళ్ళు ఎందరో నాకు తెలియదు. కాబట్టి అదే శీర్షికలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయమని కోరుతున్నాను. వెళ్ళేటప్పుడు ఆవిడ ఆ కటింగు నా కౌంటరు మీద వదిలేసి వెళ్ళారు. దాన్ని బల్ల అద్దం కింద పెట్టాను. మీ సవరణ వచ్చిన రోజు అది కూడా కత్తిరించి పక్కనే పెడతాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ షాపు యజమాని,
తెనాలి.